జ్వరం మెదడుకెక్కినప్పుడు

వైరా రిజర్వాయర్ కింద నాట్లు పడే రోజుల్లో ఏ గట్టు మీద నిలబడినా కనిపించేవి అవే. మడి నిండా నిలిచిన నీళ్లు, ఆ నీళ్లలో పురుగులు ఏరుకుంటున్న కొంగలు, ఊరి చివర బురదలో పొర్లుతున్న పందులు. పొద్దుగూకితే దోమలు. నిజాం కాలంలో, 1930 నాటికి కట్టిన ఈ జలాశయం పుణ్యమా అని వేల ఎకరాలు వరి పండుతోంది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ బతకడానికి కూడా సరిగ్గా ఇవే కావాలి. కొంగల్లోనూ పందుల్లోనూ అది పెరుగుతుంది. వరిమళ్లలో గుడ్లు పెట్టే క్యూలెక్స్ దోమ దాన్ని ఒక జీవి నుంచి మరో జీవికి మోస్తుంది. ఈ చక్రం తిరగడానికి మనిషితో పని లేదు. పొలం పక్కన ఇల్లున్న పాపానికి మధ్యలో చిక్కుకుంటాడు, అంతే.

సోకినవాళ్లలో ఎక్కువమందికి చిన్న జ్వరం కూడా రాదు. సుమారు 250 మందిలో ఒకరికి మాత్రం వైరస్ మెదడుకెక్కుతుంది. పొద్దున ఆడుకున్న పిల్లవాడికి రాత్రికి ఒళ్లు కాలిపోతుంది, వాంతులవుతాయి, ఫిట్స్ వస్తాయి, తెలివి తప్పుతుంది. మెదడువాపు దాకా వెళ్లినవాళ్లలో మరణాలు 30 శాతం దాకా ఉండొచ్చు. బతికి బయటపడ్డవాళ్లలోనూ చాలామందికి కాలో చెయ్యో పడిపోవడం, మాట రాకపోవడం, చదువు తలకెక్కకపోవడం జీవితాంతం మిగిలిపోతాయి.

వైరా నుంచి తల్లాడ, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వైపు వెళ్తుంటే వరిమళ్లు పలచబడి అడవి దగ్గరవుతుంది. మట్టిగోడల ఇళ్లు, పశువుల కొట్టాలు ఎక్కువవుతాయి. అలాంటి గోడల పగుళ్లలో దోమకంటే చిన్నదైన ఇసుక ఈగ దాక్కుంటుంది. చాందీపుర వైరస్‌ను మోసేది అదే. 1965లో నాగపూర్ దగ్గరి చాందీపుర గ్రామంలో జ్వరపీడితుల రక్తంలో దొరికిన ఈ వైరస్‌ను దాదాపు నాలుగు దశాబ్దాలు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా ఖమ్మానికి పొరుగునున్న వరంగల్‌లోనూ కరీంనగర్‌లోనూ, పిల్లలు వరసగా జ్వరంతో పడిపోవడం మొదలైంది. మొదట అందరూ జపనీస్ ఎన్‌సెఫలైటిసే అనుకున్నారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు నమూనాలు పరీక్షిస్తే తేలింది చాందీపుర. 329 మంది పిల్లలు జబ్బుపడ్డారు, వారిలో 183 మంది చనిపోయారు. ఆసుపత్రికి చేర్చిన ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోయినవాళ్లు వారిలో ఎక్కువ. తర్వాత కరీంనగర్ జిల్లాలో పట్టిన ఇసుక ఈగల్లోనూ ఆ వైరస్ జాడ దొరికింది.

ఆ ఒకటి రెండు రోజుల్లో మెదడులో జరిగేదేమిటి? 2003లో దీని మీద వైద్యుల మధ్యే గట్టి వాదం నడిచింది. ఇది మెదడు వాచే జబ్బేనని ఒక వర్గం అంది. వాపు కంటే ముందు మెదడు రక్తనాళాలు దెబ్బతింటున్నాయని, పక్షవాతం వచ్చినట్టుగా పిల్లలు కూలిపోతున్నారని తెలుగు నేల మీద ఆ పిల్లలకు వైద్యం చేసిన మరో వర్గం వాదించింది. వాదం తేలాలంటే వైరస్ లోపలికి అడుగుపెట్టగానే మెదడులోని ఏ కణం ఏం చేస్తుందో గంట గంటకూ చూడాలి. బతికున్న బిడ్డ మెదడును తెరిచి చూడలేరు. చనిపోయిన బిడ్డ మెదడులో కనిపించేది జరిగిపోయిన నష్టమే.

వైరస్ మెదడులోకి రాగానే మొదట కదిలే కణం ఒకటుంది. దాని పేరు మైక్రోగ్లియా. మెదడు కణాల్లో ఇవి సుమారు 5 నుంచి 10 శాతం. 1919లో మాడ్రిడ్‌లో పనిచేస్తున్న పియో డెల్ రియో ఒర్తేగా వెండి లవణంతో రంగు వేసే కొత్త పద్ధతి కనిపెట్టి, వీటిని తొలిసారి స్పష్టంగా వేరుచేసి చూపించాడు. చిన్న ఒంటికి నలువైపులా కొమ్మలు చాచినట్టుండే ఈ కణాలు మెదడుకు దెబ్బ తగిలితే కొమ్మలు ముడుచుకుని గుండ్రంగా మారతాయని, చచ్చిన కణాలను మింగేస్తాయని ఆయన గమనించాడు. ఆ తర్వాత చాలాకాలం, దెబ్బ తగలనంతవరకూ ఇవి ఊరికే పడి ఉంటాయనే అనుకున్నారు. 2005లో బతికున్న ఎలుక పుర్రెను పలచగా అరగదీసి, లేజర్ సూక్ష్మదర్శినితో లోపలికి చూస్తే ఆ ఊహ పోయింది. కణం ఒళ్లు కదలదు గానీ కొమ్మలు క్షణం ఆగవు. చాచుకుంటూ, వెనక్కి లాక్కుంటూ, కొన్ని గంటలకోసారి మెదడు మొత్తాన్నీ తడిమి వస్తుంటాయి. ఆయకట్టు కింద నీరటి గట్లన్నీ తిరుగుతూ ఎక్కడ గండి పడిందో చూసుకున్నట్టు, ఈ కణం తన పరిధిలోని ప్రతి అంగుళం చూసుకుంటుంది. కణాలు శక్తి కోసం వాడుకునే ఏటీపీ అనే అణువు దెబ్బతిన్న కణం నుంచి బయటికి కారితే చాలు, మైక్రోగ్లియా పైనున్న పీ2ఆర్‌వై12 అనే గ్రాహకం దాన్ని పసిగట్టి కొమ్మలను అటు మళ్లిస్తుంది.

దీని పుట్టుక మరీ చిత్రం. న్యూరాన్లూ మెదడులోని మిగతా ముఖ్య కణాలూ పిండంలో నాడీవ్యవస్థకు కేటాయించిన పొర నుంచి వస్తాయి. మైక్రోగ్లియా అక్కడ పుట్టదు. పిండం ఇంకా తొలి దశలో ఉన్నప్పుడే, దానికి ఆనుకుని ఉండే పచ్చసొన సంచిలో పుట్టి, రక్తం వెంట ప్రయాణించి మెదడులో కాపురం పెడుతుంది. ఫ్లోరాన్ జాన్హూ, మిరియం మెరాద్ బృందం 2010లో ఎలుకల మీద దీన్ని రుజువు చేసింది. ఈ విషయం తెలియకపోయి ఉంటే ల్యాబులో మైక్రోగ్లియాను పెంచే దారి దొరకడం చాలా ఆలస్యమయ్యేది. ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

కాపలా కాసే కణం కొన్నిసార్లు ఇంటికే నిప్పు పెడుతుంది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌లో అదే జరుగుతుందని హర్యానాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో అనిర్బన్ బసు బృందం 2007లో చూపించింది. వైరస్‌ను చూసి రెచ్చిపోయిన మైక్రోగ్లియా వాపును పెంచే రసాయనాలను గుమ్మరిస్తాయి. వైరస్ అసలు సోకని న్యూరాన్లు కూడా ఆ రసాయనాల దెబ్బకు చచ్చిపోతాయి. అయితే మైక్రోగ్లియాను శాంతింపజేస్తే బిడ్డ బతుకుతాడా? మొటిమలకు కూడా వాడే పాత యాంటీబయోటిక్ మినోసైక్లిన్‌కు ఆ గుణం ఉంది. 2008లో అదే కేంద్రంలో వైరస్ సోకిన ఎలుకలకు ఆ మందు ఇస్తే మంచి ఫలితం వచ్చింది. లక్నోలోని కింగ్ జార్జ్ వైద్య విశ్వవిద్యాలయ వైద్యులు 281 మంది మెదడువాపు రోగుల మీద దాన్ని పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఆసుపత్రిలో మొదటి రోజు గడిచి గట్టెక్కినవాళ్లలో మందు వైపు కొంత మొగ్గు కనిపించింది. మొత్తం మీద మాత్రం, మందు పనిచేసిందని గట్టిగా చెప్పేటంత తేడా తేలలేదు.

ఎలుకలో గెలిచిన మందు మనిషి దగ్గర తడబడటం వైద్యంలో కొత్తేమీ కాదు. మైక్రోగ్లియా విషయంలో అది మరీ ఎక్కువ. వయసుతో వచ్చే మార్పుల్లోనూ, జబ్బుకు సంబంధించిన అనేక జన్యువుల్లోనూ మనిషి మైక్రోగ్లియాకూ ఎలుక మైక్రోగ్లియాకూ పోలిక తక్కువ. కాబట్టి మనిషి కణాలే కావాలి. అవి దొరికేదెలా?

హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీలో, పుష్పమిత్ర భార్గవ నెలకొల్పిన ఆ సంస్థలోనే, సునీత్ కుమార్ సింగ్ బృందం మనిషి మైక్రోగ్లియాతోనే పనిచేసింది. మన దేశంలో ఎక్కువగా కనిపించే సీ రకం హెచ్‌ఐవీ తయారుచేసే టాట్ అనే ప్రొటీన్ మైక్రోగ్లియాను ఎలా కలవరపెడుతుందో 2012లో వాళ్లు ప్రచురించారు. ఆ ప్రొటీన్ కణంలో ఒక సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏను పెంచుతుంది. అది పెరిగితే వాపును అదుపులో ఉంచే ట్రాఫ్3 అనే ప్రొటీన్ తగ్గిపోతుంది. ఆ తర్వాత వారణాసిలో అదే శాస్త్రవేత్త బృందం చాందీపుర వైరస్ కూడా మనిషి మైక్రోగ్లియాలో సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలతోనే ఆట ఆడుతుందని 2021లో చూపించింది. తెలంగాణ పల్లెల్లో పిల్లల్ని బలి తీసుకున్న వైరస్ మీద, మనిషి మైక్రోగ్లియాతో మన దేశంలోనే జరిగిన పని ఇది. 

ఇలాంటి పనికి ప్రపంచమంతా ఎక్కువగా వాడింది కణ వంశాలను. ఎప్పుడో ఒకసారి సేకరించిన మైక్రోగ్లియాకు కణితి వైరస్ జన్యువు జోడించి, అలుపు లేకుండా విభజన చెందేలా మార్చిన కణాలివి. వీటివల్ల చాలా నేర్చుకున్నాం. కానీ మెదడులోని మైక్రోగ్లియా ఇలా పరుగెత్తి విభజన చెందదు, దాని జన్యువుల నడకే వేరు. ఇంకో చిక్కు కూడా బయటపడింది. మనిషివని నమ్మి ఎన్నో ల్యాబుల్లో వాడిన సీహెచ్‌ఎంఈ-5 అనే కణ వంశం నిజానికి ఎలుక జాతిదని 2017లో తేలింది. పోనీ, మూర్ఛకో కణితికో ఆపరేషన్ చేసినప్పుడు తీసిన మెదడు ముక్కలోంచి కణాలు తెచ్చుకుందామంటే, కాలిఫోర్నియాలో క్రిస్టఫర్ గ్లాస్ బృందం అదే ఏడు మరో చేదు నిజం చెప్పింది. మెదడులోంచి తీసి గాజుపాత్రలో పెట్టిన కొద్ది గంటల్లోనే ఆ కణాలు మైక్రోగ్లియాకు ప్రత్యేకమైన జన్యువులను వరసగా ఆపేసుకుంటాయి. మెదడు పక్కన లేకపోతే తామెవరో అవి మరిచిపోతాయి.

దారి చూపింది జపాన్. క్యోటోలో షిన్యా యమనకా 2006లో ఎలుక కణాలతో, 2007లో మనిషి చర్మ కణాలతో ఒక పని చేశాడు. నాలుగు జన్యువులను లోపలికి పంపి, ఎదిగిన కణాన్ని తిరిగి పిండదశ నాటి మూలకణంగా మార్చాడు. 2012లో జాన్ గర్డన్‌తో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ మూలకణం నుంచి గుండె కణం, కాలేయ కణం, న్యూరాన్ ఒక్కొక్కటే ల్యాబుల్లోకి వచ్చాయి. మైక్రోగ్లియా మాత్రం చాలా ఆలస్యంగా, 2016లో వచ్చింది. మసాచుసెట్స్‌లోని వైట్‌హెడ్ సంస్థలో రుడాల్ఫ్ యేనిష్ ల్యాబుకు చెందిన జూలియన్ ముఫా బృందం మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని పోలిన పోషక ద్రావణం తయారుచేసి, అందులో వీటిని పెంచింది. మరుసటి ఏడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ శాఖలో మాథ్యూ బ్లర్టన్-జోన్స్ బృందం ఇంకా తేలికగా అనుసరించగల పద్ధతి ప్రకటించింది.

ఆ పద్ధతిని దగ్గరగా చూడాలి. ఒక మనిషి చేతి నుంచి తీసిన కొద్దిపాటి రక్తం నుంచి తెల్లకణాలు వేరుచేసి, యమనకా జన్యువులు అందిస్తారు. కొన్ని వారాలకు పాత్ర అడుగున అంచులు తీర్చినట్టున్న చదునైన కణాల గుంపులు కనిపిస్తాయి. అవి మూలకణాలు. 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటర్‌లో వీటిని పెంచుతారు. ద్రావణం దాదాపు రోజూ మార్చాలి. ఆదివారమని, పండగని సెలవు ఉండదు. గుంపులు మరీ పెద్దవైతే నడుమ ఉన్న కణాలు తమంతట తామే ఏదో ఒకటిగా మారిపోతాయి, శ్రమంతా వృథా అవుతుంది. అందుకే సమయానికి విడదీసి కొత్త పాత్రల్లోకి మార్చాలి.

పచ్చసొన సంచి సంగతి అక్కరకొచ్చేది ఇక్కడే. మూలకణాన్ని నాడీకణం వైపు నడిపిస్తే న్యూరాన్ వస్తుంది గానీ మైక్రోగ్లియా రాదు. పిండంలో అది నడిచిన దారినే మళ్లీ నడిపించాలి. బీఎమ్‌పీ4 వంటి సంకేత ప్రొటీన్లు కలిపి ముందుగా రక్తకణాల తొలి తరాన్ని తీసుకొస్తారు. సుమారు పది పన్నెండు రోజులకు పాత్ర అడుగు వదిలేసి గుండ్రటి కణాలు ద్రావణంలో తేలడం మొదలవుతుంది. వాటిని ఏరి, మెదడులో న్యూరాన్లు సహజంగా అందించే సంకేతాలు ఇస్తారు. ఐఎల్-34, ఎం-సీఎస్‌ఎఫ్, టీజీఎఫ్-బీటా ఈ మూడూ ముఖ్యం. చివరి రోజుల్లో సీడీ200, సీఎక్స్3సీఎల్1 కూడా కలుపుతారు. న్యూరాన్లు మైక్రోగ్లియాకు శాంతంగా ఉండమని చెప్పడానికి వాడే ప్రొటీన్లు ఇవి. మొత్తం మీద ఐదు వారాలు పడుతుంది. పది లక్షల మూలకణాలతో మొదలుపెడితే మూడు నాలుగు కోట్ల మైక్రోగ్లియా చేతికొస్తాయి.

వచ్చింది మైక్రోగ్లియానే అని నమ్మేదెలా? పీ2ఆర్‌వై12, టీఎంఈఎం119 వంటి గుర్తులు కణం మీద ఉన్నాయేమో చూస్తారు. అంతకంటే కళ్లకు కట్టే పరీక్ష ఇంకొకటుంది. ఆమ్లం తగిలితేనే ఎర్రగా వెలిగే రంగును బ్యాక్టీరియా ముక్కలకు పూసి కణాల మీద చల్లుతారు. ద్రావణంలో ఉన్నంతసేపూ ఆ ముక్కలు కనిపించవు. మైక్రోగ్లియా వాటిని మింగి కడుపులాంటి ఆమ్లపు సంచిలో వేసుకోగానే ఒక్కో కణంలో ఎర్రటి చుక్కలు వెలుగుతాయి. మింగినదెంతో, ఎంతసేపట్లో మింగిందో సూక్ష్మదర్శిని గంట గంటకూ ఫొటో తీసి లెక్కగడుతుంది.

ఈ కణాలు చేతికొచ్చాక ప్రశ్నల స్వరూపమే మారిపోయింది. అల్జైమర్స్ ముప్పును బాగా పెంచే ట్రెమ్2 జన్యువు మార్పు 2013లో బయటపడింది. ఆ జన్యువు లేకుండా చేసిన మైక్రోగ్లియాను పెంచి చూస్తే, అవి బతికే సత్తా, మింగే సత్తా రెండూ తగ్గాయి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు దగ్గరి బంధువులైన జికా, డెంగీ వైరస్‌లను 2018లో ముఫా బృందం ఇలాంటి కణాల మీదికి వదిలింది. రెండింటికీ కణాల స్పందన ఒకేలా లేదు. 2020లో మూలకణాల నుంచి పెంచిన మైక్రోగ్లియా, న్యూరాన్లు, వాటికి ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్లు మూడింటినీ ఒకే పాత్రలో కలిపి హెచ్‌ఐవీ సోకించి చూశారు. మందులతో వైరస్‌ను అణచినా వాపు పూర్తిగా చల్లారలేదు. హెచ్‌ఐవీ మందులు క్రమంగా వాడుతున్నవాళ్లలో కూడా కొందరికి మతిమరుపు, ఆలోచనలో మాంద్యం ఎందుకు వస్తాయో వెతకడానికి ఇది ఒక ఆధారం.

లోపాలూ ఉన్నాయి, వాటిని దాచకూడదు. ఇలా పెరిగిన మైక్రోగ్లియా వయసులో పసివి. అరవై ఏళ్ల మనిషి రక్తం నుంచి చేసినా కణం మళ్లీ పిండదశ నుంచే మొదలవుతుంది. ముసలితనపు జబ్బులు చదివేవారికి ఇది పెద్ద అడ్డంకి. పసిపిల్లలను పట్టి పీడించే మెదడువాపుకు మాత్రం అంత అడ్డు కాదు. పాత్ర అడుగున విడిగా పెరిగే కణానికి మెదడు వాతావరణం ఉండదు కాబట్టి కొందరు వీటిని ఎలుక పిల్లల మెదడులో నాటి పెంచుతున్నారు, ఇంకొందరు మూలకణాలతో చేసిన చిట్టి మెదడు ముద్దల్లో కలుపుతున్నారు. ఆ ముద్దల్లో మైక్రోగ్లియా సాధారణంగా తనంతట తాను పుట్టదు, బయటి నుంచి చేర్చాలి. ఇక ఖర్చు సంగతి. సంకేత ప్రొటీన్లను మైక్రోగ్రాముల లెక్కన, ఎక్కువగా విదేశాల నుంచి, మంచు పెట్టెల్లో తెప్పించుకోవాలి.

అయినా హైదరాబాద్‌లో ఈ విద్యకు నేల సిద్ధంగా ఉంది. ఎల్‌వీ ప్రసాద్ నేత్ర సంస్థలో ఇందుమతి మరియప్పన్ బృందం 2017లోనే ఇలాంటి మూలకణాల నుంచి చిన్న చిన్న కార్నియాలను పెంచి చూపింది. కోవిడ్ రోజుల్లో సీసీఎంబీ కరోనా వైరస్‌ను ల్యాబులో పెంచింది. మన దేశంలో కోలార్‌లో దొరికిన జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ రకంతోనే భారత్ బయోటెక్ టీకా తయారుచేసి 2013లో విడుదల చేసింది. కొత్త మందుల పరీక్షల్లో జంతువులకు బదులు మనిషి కణాలతో చేసిన పద్ధతులను వాడుకోవచ్చని కేంద్రం 2023లో నిబంధనలు సవరించింది. మూలకణం పెంచే చెయ్యి, వైరస్‌ను భద్రంగా పట్టే చెయ్యి, టీకా చేసే చెయ్యి ఒకే నగరంలో ఉన్న చోట్లు ప్రపంచంలో ఎన్నో లేవు. అవి మూడూ కలిసి చాందీపుర మీద పడాలి.

జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు టీకా ఉంది. ఆ జబ్బు ఉన్న జిల్లాల్లో బిడ్డకు తొమ్మిదో నెల నిండాక ఒక డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండో డోసు ఉచితంగా వేస్తారు. చాందీపురకు ఇప్పటికీ టీకా లేదు, మందూ లేదు. 2024లో జూన్ మొదలు ఆగస్టు సగం దాకా దేశంలో 245 మెదడువాపు కేసులు వచ్చాయి, ఎక్కువగా గుజరాత్‌లో. 82 మంది చనిపోయారు. పరీక్షల్లో 64 కేసులు చాందీపురవేనని తేలింది. 2003లో వరంగల్ పిల్లల మెదడులో మొదట వచ్చింది రక్తనాళాల దెబ్బా, వాపా అన్న ప్రశ్నకు ఇప్పుడు ఒక రక్తనమూనా, ఐదారు నెలల ఓపిక, ఒక మంచి ల్యాబు ఉంటే జవాబు వెతకొచ్చు. ఆ పనికి నిధులు ఇవ్వాల్సినవాళ్లు వచ్చే వానాకాలానికి ముందే ఇవ్వాలి.